రోడ్లు ఖాళీ అయినా గాయాలు ఆగలేదు
లాక్‌డౌన్ రోజులలో క్యాజువాలిటీ వార్డు నేర్పిన పాఠాలు



2020వ సంవత్సరం మార్చి 25వ తేదీ రాత్రి. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన మొదటి రాత్రి అది. నేను ఎప్పటిలాగే తొమ్మిది గంటలకు రౌండుకు బయలుదేరి క్యాజువాలిటీ వార్డులోకి వెళ్లాను. ఆరు మంచాలూ ఖాళీ. రిజిస్టరులో సాయంత్రం నుండి ఒక్క పేరు కూడా లేదు. డ్యూటీ సిస్టరు డ్రెస్సింగ్ డ్రమ్ములు సర్దుకుంటూ, "అమ్మా, ఈ రాత్రి మనకు పని లేదేమో" అంది. బయట హైవే మీద లారీ హారను కూడా వినబడలేదు. నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసి తెల్ల చీర కట్టుకున్న నాటి నుండి అంత నిశ్శబ్దంగా ఉన్న క్యాజువాలిటీని నేను చూడలేదు.

ఆ రాత్రి నేనూ సంతోషించాను. జబ్బు సంగతి ఎలా ఉన్నా, కనీసం రోడ్డు మీద చచ్చిపోయేవాళ్లు తగ్గుతారు కదా అనుకున్నాను. అది సగమే నిజమని తరువాతి వారాలలో తెలిసింది. గాయాలు ఆగలేదు. అవి చోటు మార్చుకున్నాయి, రూపం మార్చుకున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా మా దగ్గరకు ఆలస్యంగా వచ్చాయి. ఆ అనుభవాన్ని ఇప్పుడెందుకు తవ్వడం అని మీరు అడగవచ్చు. తుపాను వచ్చినా, వరద వచ్చినా, కర్ఫ్యూ పెట్టినా, దారులు మూసుకుపోయే రోజు మళ్లీ రావచ్చు. ఆ రోజు ఇంట్లో ఒకరికి దెబ్బ తగిలితే మనం ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. అందుకే ఈ వ్యాసం.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రతి సంవత్సరం ప్రమాదాల లెక్క ప్రకటిస్తుంది. 2019లో మన దేశంలో 4,49,002 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,51,113 మంది చనిపోయారు. లాక్‌డౌన్ వచ్చిన 2020లో ప్రమాదాలు 3,66,138కి, మరణాలు 1,31,714కి తగ్గాయి. సుమారు 19 వేల ప్రాణాలు మిగిలాయన్నమాట. ఇది చిన్న విషయం కాదు.

కాని ఆ అంకెలను ఇంకొకసారి చూడండి. ప్రమాదాలు 18 శాతానికి పైగా తగ్గితే, మరణాలు దాదాపు 13 శాతమే తగ్గాయి. 2019లో ప్రతి 100 ప్రమాదాలకు 34 మంది వరకు చనిపోగా, 2020లో ప్రతి 100 ప్రమాదాలకు 36 మంది చనిపోయారు. అంటే ప్రమాదం జరగడం తగ్గింది గాని, జరిగిన ప్రమాదంలో బ్రతికి బయటపడే అవకాశం కూడా తగ్గింది. తెలంగాణలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 2019లో 21 వేల 5 వందలకు పైగా ఉన్న ప్రమాదాలు 2020లో 19 వేల పైచిలుకుకు తగ్గాయి. మరణాలు మాత్రం రెండు సంవత్సరాలలోనూ 7 వేలకు కొంచెం తక్కువగా, ఇంచుమించు ఒకేలాగ ఉండిపోయాయి.

ఆంక్షలు సడలిన కొద్దీ మిగిలిన ఆ కొద్దిపాటి లాభం కూడా పోయింది. 2021లో దేశంలో రోడ్డు మరణాలు 1,53,972కి పెరిగి 2019ని దాటిపోయాయి. 2022లో 1,68,491 మంది, 2023లో 1,72,890 మంది చనిపోయారు. జబ్బు భయంతో నేర్చుకున్న జాగ్రత్తలో కొంచెమైనా రోడ్డు మీద చూపలేకపోయాం.

ఖాళీ రోడ్డు చేసే మోసం

తక్కువ ప్రమాదాలలో ఎక్కువ ప్రాణాలు పోవడానికి మొదటి కారణం వేగం. రోడ్డు ఖాళీగా కనబడితే చేతిలోని యాక్సిలరేటరు ఊరుకోదు. వేగం రెండింతలైతే దెబ్బ బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పడినవాడికి చర్మం గీసుకుపోతే, 60 కిలోమీటర్లతో పడినవాడికి ఎముక విరుగుతుంది, తలలో రక్తం గడ్డ కడుతుంది.

ఇది మన దేశంలో మాత్రమే జరిగింది కాదు. మన సంఘ కుటుంబాలలో పిల్లలు అమెరికాలో ఉన్నవారు చాలామంది ఉన్నారు. అక్కడ 2020లో జనం వాహనాలలో తిరిగిన దూరం సుమారు 11 శాతం తగ్గింది. అయినా రోడ్డు మరణాలు తగ్గకపోగా దాదాపు 7 శాతం పెరిగాయి. అతి వేగం, త్రాగి నడపడం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం ఇందుకు కారణాలని అక్కడి రవాణా భద్రతా సంస్థ చెప్పింది.

మా వార్డుకు 2020 ఏప్రిల్‌లో వచ్చిన తల గాయాలలో ఎక్కువమంది కుర్రవాళ్లే. "ఎక్కడికి వెళ్తున్నావు నాయనా?" అని అడిగితే, "ఊరికే, రోడ్డు ఖాళీగా ఉంది కదా ఆంటీ" అన్నవాడు ఒకడు. హెల్మెట్టు ఇంట్లో ఉంది. పోలీసులు లేని అడ్డదారిలో వెళ్లాడట. మూడు రోజులు స్పృహ లేదు.

గాయాలు ఇంటిలోకి వచ్చాయి

జనమంతా ఇళ్లలో ఉన్నారు కనుక దెబ్బలు కూడా ఇళ్లలోనే తగిలాయి. బడి లేని పిల్లలు మేడ మీద గాలిపటాలు ఎగురవేస్తూ పడ్డారు. చిన్న వంటగదిలో నలుగురు మసలడం వలన గంజి, సాంబారు మీద పడి కాలిన పిల్లలు వచ్చారు. ఎన్నడూ నిచ్చెన ఎక్కని పెద్దాయన ఫ్యాను తుడుస్తూ పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. చేతి నిండా పనిలేక ఇంటి కరెంటు వైర్లు తానే బాగుచేసుకోబోయి షాకు కొట్టించుకున్నవాడు ఒకడు.

ఆ రోజులలో ఇంటింటికీ వచ్చిన కొత్త వస్తువు శానిటైజరు. అందులో మూడింట రెండు వంతుల వరకు ఆల్కహాలు ఉంటుంది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పగటి వెలుగులో ఆ మంట కంటికి సరిగా కనబడదు కూడా. చేతులకు రాసుకుని, ఆరకముందే పొయ్యి వెలిగించిన ఒక తల్లికి రెండు అరచేతులూ కాలాయి. రంగు రంగుల సీసాలో ఉంది కనుక పానకం అనుకుని ఒక గుక్క త్రాగిన మూడేళ్ల పాప మరొకతె. దేవుని దయవలన ఇద్దరూ కోలుకున్నారు. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు దొరికే ఇంట్లో శానిటైజరు అవసరమే లేదని అప్పటి నుండి ప్రతి తల్లికీ చెబుతున్నాను.

ఇంకొక రకం గాయాలు ఉన్నాయి. వాటి గురించి రాయడం కష్టమైనా రాయకపోతే తప్పు. "మెట్ల మీద జారి పడ్డాను సిస్టరమ్మా" అంటారు. మెట్ల మీద పడినవారికి చెంప మీద అయిదు వేళ్ల గుర్తులు ఉండవు. భర్త పక్కనే నిలబడి ఉంటే ఆమె నోరు విప్పదు. 2020లో జాతీయ మహిళా కమిషనుకు ఫిర్యాదులు బాగా పెరిగాయి. ఇల్లు కదిలే వీలులేని ఆడవారు ఫోను చేయడానికి కూడా భయపడతారని, ఏప్రిల్‌లో కమిషను ప్రత్యేకంగా ఒక వాట్సాప్ నంబరు పెట్టింది. మా వార్డులో అప్పటి నుండి ఒక పద్ధతి పెట్టుకున్నాం. గాయంతో వచ్చిన ప్రతి స్త్రీతోనూ డ్రెస్సింగ్ గదిలో ఒక నర్సు ఒంటరిగా మాట్లాడుతుంది. తోడు వచ్చినవారు ఎవరైనా సరే, బయట కూర్చోవలసిందే. 181 అనే మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఆ గది లోపలి గోడ మీద ఉంటుంది, వరండాలో కాదు.

మద్యం మూతపడితే, మద్యం తెరిస్తే

క్యాజువాలిటీలో పనిచేసిన ఏ నర్సునడిగినా శనివారం రాత్రి ఎలా ఉంటుందో చెబుతుంది. దక్షిణాఫ్రికాలో ఇది దేశమంత స్థాయిలో తెలిసింది. అక్కడ 2020 మార్చి 27 నుండి మద్యం అమ్మకం పూర్తిగా ఆపేశారు. గాయాల వార్డులు ఖాళీ అయ్యాయి. జూన్ 1న అమ్మకం మొదలుపెట్టగానే ఆ వార్డులు మళ్లీ నిండిపోయాయి. కోవిడ్ రోగులకు మంచాలు దొరకవని జూలై 12న ప్రభుత్వం మళ్లీ నిషేధం పెట్టింది. కత్తిపోట్లకు, రోడ్డు ప్రమాదాలకు సీసాతో ఎంత సంబంధం ఉందో ఇంతకంటే ఋజువు అవసరం లేదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 4న దుకాణాలు తెరిచారు. ఆ వారం మా రిజిస్టరులో కొట్లాట గాయాలు, బైకు మీద నుండి పడిన గాయాలు మళ్లీ మొదలయ్యాయి.

అయితే నాణేనికి రెండవ వైపు కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి త్రాగేవారికి ఒక్కసారిగా మానిపిస్తే ఒళ్లు వణుకుతుంది, లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి. మార్చి నెలాఖరులో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి అలాంటివారు బారులు తీరారు. అదే సంవత్సరం జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో, ఆంక్షల వలన మద్యం దొరకక శానిటైజరు త్రాగి పది మందికి పైగా చనిపోయారు. త్రాగుడు పాపమని తిట్టడం తేలిక. అది జబ్బు కూడా అని గుర్తించి, వైద్యుని సలహాతో మానిపించడం ప్రాణం నిలబెడుతుంది.

దారి మీద మిగిలినవారు

అందరికీ ఇల్లు లేదు. ఉన్న ఇల్లు వందల మైళ్ల అవతల ఉన్నవారు నడిచి బయలుదేరారు. మే 8వ తేదీ తెల్లవారుజామున మహారాష్ట్రలోని ఔరంగాబాద్ జిల్లాలో, రైళ్లు నడవడం లేదనుకుని పట్టాల మీద నిద్రపోయిన 16 మంది వలస కూలీల మీదుగా గూడ్సు రైలు వెళ్లింది. లాక్‌డౌన్ గాయం అంటే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆ వార్తే.

మన హైవే మీద కూడా వారు నడిచి వెళ్లారు. సంఘ స్త్రీలు గేటు బయట మజ్జిగ, పులిహోర పెడుతుంటే, మా విద్యార్థినులు బల్ల వేసుకుని కాళ్లకు కట్లు కట్టారు. బొబ్బలు చితికి, చీము పట్టి, చెప్పు తెగిపోతే ప్లాస్టిక్ సీసాలు నలగ్గొట్టి కాళ్లకు కట్టుకున్నవారు వచ్చారు. ధనుర్వాతం ఇంజక్షన్లు ఎన్ని వేశామో లెక్క పెట్టలేదు. 2020 ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టి 200 సంవత్సరాలైన ఏడాది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని నర్సుల సంవత్సరంగా ప్రకటించింది. మేము కేకు కోయలేదు. మా పిల్లలు ఆ సంవత్సరాన్ని రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని జరుపుకున్నారు.

మే 7వ తేదీని విశాఖపట్నం మరచిపోదు. లాక్‌డౌన్‌లో వారాల తరబడి పని ఆగిన ఒక రసాయన కర్మాగారంలో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కి, తెల్లవారుజామున మూడు గంటల సమయంలో ఆవిరై చుట్టుపక్కల ఇళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. మూసివేసిన యంత్రాన్ని, నిల్వ ఉంచిన రసాయనాన్ని ఎవరూ చూడకపోతే అది తన పని తాను చేసుకుపోతుంది. మిల్లులైనా, రొయ్యల ఫ్యాక్టరీలైనా, శీతల గిడ్డంగులైనా, మూసినప్పుడు ఒక జాగ్రత్త, తెరిచేటప్పుడు రెండు జాగ్రత్తలు కావాలి.

ఆలస్యమే అసలు గాయం

పెద్ద దెబ్బ తగిలిన తరువాత మొదటి గంటను వైద్యులు "గోల్డెన్ అవర్" అంటారు. ఆ గంటలో రక్తం ఆపగలిగితే, ఊపిరి నిలపగలిగితే చాలా ప్రాణాలు దక్కుతాయి. లాక్‌డౌన్ ఆ గంటను మింగేసింది.

ఆటోలు లేవు, బస్సులు లేవు. 108 వాహనాలు కోవిడ్ రోగులను కూడా మోయవలసి వచ్చింది. ప్రతి ట్రిప్పు తరువాత బండిని మందుతో కడగాలి. సిబ్బంది పి.పి.ఇ. కిట్టు తొడుక్కోవాలి. అది తొడుక్కోవడానికే పది పదిహేను నిమిషాలు పట్టేది. ఎండాకాలంలో ఆ ప్లాస్టిక్ బట్టలలో చెమటతో తడిసి, కళ్లద్దాలు మసకబారి, నరం దొరకక ఇబ్బంది పడిన అంబులెన్సు కుర్రవాళ్లను నేను చూశాను. వారిని తప్పుపట్టలేం. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 సేవ ఎన్నడూ చూడని భారం అది. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెయ్యికి పైగా 108, 104 వాహనాలను ఒకేసారి విజయవాడ నుండి పంపినప్పుడు మాలాంటివారికి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

సరిహద్దులు కూడా అడ్డు వచ్చాయి. 2020 మార్చి చివరిలో కర్ణాటక దారి మూసివేయడంతో కేరళలోని కాసరగోడ్ రోగులు మంగళూరు ఆసుపత్రులకు చేరలేకపోయారు. 2021 మే నెలలో ఆంధ్ర నుండి హైదరాబాద్ వెళ్లే అంబులెన్సులను రాష్ట్ర సరిహద్దులో ఆపితే, తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుని ఆపవద్దని చెప్పవలసి వచ్చింది.

రక్తం కూడా కరువైంది. కాలేజీలు, ఆఫీసులు మూసివేయడంతో రక్తదాన శిబిరాలు ఆగిపోయాయి. కాన్పులో రక్తం పోయిన తల్లి కోసం మన సంఘ యువకులు నలుగురు పాసు తీసుకుని, సైకిళ్ల మీద వచ్చి రక్తం ఇచ్చారు. వారి పేర్లు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు.

ఆలస్యం ఏం చేస్తుందో పాముకాటులో బాగా తెలుస్తుంది. 2000 నుండి 2019 వరకు 20 సంవత్సరాలలో మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలు జరిగే రాష్ట్రాలలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. జూన్‌లో ఒక రాత్రి చేను కాపలా పాకలో నేల మీద పడుకున్న పదహారేళ్ల అమ్మాయిని కట్లపాము కరిచింది. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. చీమ కుట్టిందనుకున్నారు. కడుపునొప్పి మొదలైతే వాము నీళ్లు ఇచ్చారు. తెల్లవారి రెప్పలు వాలిపోతుంటే అప్పుడు భయపడి, పోలీసులు ఆపుతారని రోడ్డు వదిలి పొలాల గట్ల మీదుగా బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు. మా గేటు దగ్గరకు వచ్చేసరికి ఊపిరి ఆగిపోతోంది. విషానికి విరుగుడు ఇంజక్షను ఇచ్చి, గొట్టం వేసి, వెంటిలేటరు ఖాళీ లేక, ఆరు గంటలు చేతులతోనే అంబు బ్యాగు నొక్కుతూ నర్సులు వంతులు మార్చుకున్నారు. ఆ అమ్మాయికి ఈ మధ్యనే పెళ్లయింది. శుభలేఖ ఇవ్వడానికి వస్తే నా కంటే ముందు క్యాజువాలిటీ సిస్టర్లు పరుగెత్తారు.

మా గేటు దగ్గర జరిగినది

బయటివారి ఆలస్యాల గురించి ఇంత రాసి, మా ఆలస్యం గురించి రాయకపోతే న్యాయం కాదు.

2020 జూలైలో గేటు దగ్గర టెంటు వేసి, జ్వరం చూసి, పది ప్రశ్నలు అడిగి, చీటీ రాసిన తరువాతే లోపలికి పంపాలని నేనే ఆర్డరు వేశాను. లోపల కాన్పు తల్లులు, డయాలసిస్ రోగులు ఉన్నారు. వారిని కాపాడాలి. ఆర్డరు తప్పు కాదు. ఒక మధ్యాహ్నం ఒక భార్యాభర్తలు వచ్చారు. అతనికి ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఎక్కడా రక్తం లేదు. పొట్ట పట్టుకుని వంగి కూర్చున్నాడు. ముందు ఎనిమిది మంది ఉన్నారు. ఆమె రెండు సార్లు లేచి వచ్చి, "సిస్టరమ్మా, జ్వరం లేదమ్మా, ట్రాక్టరు మీద నుంచి పడ్డాడమ్మా, ఒక్కసారి చూడమ్మా" అని అడిగింది. "వరుసలో ఉండమ్మా, అందరికీ అదే రూలు" అని చెప్పింది నేనే.

వారి వంతు వచ్చేసరికి 25 నిమిషాలు గడిచాయి. నాడి పట్టుకుంటే దారంలాగ ఉంది. ప్లీహం చితికి లోపల రక్తం కారుతోంది. రెండు డ్రిప్పులు పెట్టి పెద్ద ఆసుపత్రికి పంపాం. దారిలోనే పోయాడు. "ఆ 25 నిమిషాల వలన తేడా వచ్చేది కాదేమో సిస్టర్" అని డాక్టరుగారు అన్నారు. తేడా వచ్చేదేమో కూడా. నాకు తెలియదు. తెలియదనే మాటతోనే బ్రతుకుతున్నాను. ఆ వారమే ఆమె ఇంటికి వెళ్లి, ఆమె ముందు కూర్చుని, తప్పు నాదని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మరునాడే గేటు పద్ధతి మార్చాం. టెంటు ముందు ఒక అనుభవం గల నర్సును కూర్చోబెట్టాం. ఆమె థర్మామీటరు కంటే ముందు నాడి చూస్తుంది. పడ్డారా, కొట్టుకున్నారా, కరిచిందా, కాలిందా, ఊపిరి ఆడుతోందా, ఈ అయిదు మాటలు అడుగుతుంది. ఏ ఒక్కదానికి అవునన్నా చేతికి ఎర్ర రిబ్బను కట్టి నేరుగా స్ట్రెచరు మీద లోపలికి. మాస్కు మేమే పెడతాం, ప్రశ్నలు తరువాత. కోవిడ్ టెంటు తీసివేసి చాలా కాలమైంది గాని, ఆ కుర్చీ, ఆ ఎర్ర రిబ్బను ఈనాటికీ గేటు దగ్గర ఉన్నాయి. ఓ.పి. వరుసలో నిలబడిన మీకు ఎవరైనా ఎర్ర రిబ్బనుతో ముందుకు వెళ్తుంటే కోపం రావచ్చు. దయచేసి దారి ఇవ్వండి.

సహాయం చేసినవారిని ఎవరూ వేధించకూడదు

రోడ్డు మీద పడినవారిని ఎత్తితే పోలీసు కేసులో ఇరుక్కుంటామని ఇప్పటికీ చాలామందికి భయం. లాక్‌డౌన్‌లో దానికి జబ్బు అంటుతుందనే భయం తోడైంది. వాహనాల చట్టంలో కొత్త సెక్షను ప్రకారం 2020 సెప్టెంబరు 29న కేంద్ర ప్రభుత్వం గుడ్ సమారిటన్ నియమాలు ప్రకటించింది. "మంచి సమరయుడు" అనే పేరే చట్టానికి పెట్టారు. ఈ నియమాల ప్రకారం గాయపడినవారిని ఆసుపత్రికి తెచ్చినవారు తమ పేరు, చిరునామా చెప్పనవసరం లేదు. సాక్షిగా ఉండమని వారిని బలవంతం చేయకూడదు. ఈ హక్కులు రాసిన బోర్డు ప్రతి ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉండాలి. మన క్యాజువాలిటీ తలుపు పక్కన తెలుగులో ఉంది, ఈసారి వచ్చినప్పుడు చదవండి.

అలాగే 2025 మే నుండి రోడ్డు ప్రమాద బాధితులకు ఎంపిక చేసిన ఆసుపత్రులలో మొదటి ఏడు రోజులు 1 లక్షా 50 వేల రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స చేసే కేంద్ర పథకం అమలులోకి వచ్చింది. డబ్బు తెచ్చే వరకు ఇంటి దగ్గర ఆగవద్దు. ముందు రోగిని తీసుకురండి.

వాహనం వచ్చేలోపు మీరు చేయగలిగినవి

ఈ పేజీని కత్తిరించి వంటగది తలుపు లోపల అంటించుకొనగలరు.

1. రక్తం కారుతుంటే: శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి అరచేతితో గట్టిగా అదమండి. మాటిమాటికీ ఎత్తి చూడవద్దు. గుడ్డ తడిస్తే దానిపైనే ఇంకొకటి పెట్టండి. కాఫీపొడి, పసుపు, సున్నం పెట్టవద్దు.

2. కాలితే: ధారగా పడే చల్లని నీటి క్రింద 20 నిమిషాలు ఉంచండి. గాజులు, ఉంగరాలు వెంటనే తీయండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. బొబ్బలు చిదపవద్దు.

3. పాము కరిస్తే: తాడు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. నడిపించవద్దు. కరిచిన కాలు లేక చేయి కదలకుండా కర్ర పెట్టి వదులుగా కట్టండి. పామును వెదుకుతూ సమయం పోగొట్టవద్దు. కట్టు, మంత్రం అని ఆగవద్దు. ఎండాకాలం, వానాకాలం నేల మీద కాక మంచం మీద, దోమతెరలో పడుకోండి.

4. తలకు దెబ్బ తగిలితే: స్పృహ లేనివారి నోటిలో నీళ్లు పోయవద్దు. ఊపిరి ఆడుతుంటే మెడ మెలితిరగకుండా ఇద్దరు ముగ్గురు పట్టుకుని పక్కకు ఒత్తిగిలించండి. బాగానే ఉన్నారనిపించినా వాంతులు, మత్తు, మాట తడబాటు ఉంటే వెంటనే తీసుకురండి.

5. పైనుండి పడినా, బండి క్రింద పడినా: పైకి రక్తం కనబడకపోయినా లోపల కారుతూ ఉండవచ్చు. ముఖం పాలిపోవడం, చల్లని చెమట, దాహం, పొట్ట గట్టిపడటం ప్రమాద గుర్తులు. గేటు దగ్గర గట్టిగా చెప్పండి. ఎవరు వరుసలో ఉండమన్నా వినవద్దు.

6. శానిటైజరు, కిరోసిను, పురుగుమందు త్రాగితే: వాంతి చేయించవద్దు. సీసాను కూడా వెంట తీసుకురండి.

7. కరెంటు షాకు కొడితే: ముందు మెయిను ఆపండి, తరువాతే మనిషిని ముట్టుకోండి.

అంబులెన్సు కోసం 108కి, పోలీసుతో సహా ఏ అత్యవసరానికైనా 112కి ఫోను చేయవచ్చు. ఫోను చేసినప్పుడు ఊరి పేరుతో పాటు దగ్గరలోని గుర్తు, అంటే బడి, గుడి, చర్చి, నీళ్ల ట్యాంకు చెప్పండి. ఒకరిని రోడ్డు మీద నిలబెట్టండి. దారులు మూసి ఉన్న రోజులలో మీ వీధిలో కారు ఎవరికి ఉంది, రాత్రి పిలిస్తే ఎవరు వస్తారు అన్నది ముందే మాట్లాడి ఉంచుకోండి. మన పెద్దలు తుపానుకు ముందే బియ్యం, కిరసనాయిలు సిద్ధం చేసుకునేవారు. ఇది కూడా అలాంటిదే.

క్యాజువాలిటీ ఇప్పుడు మళ్లీ ఎప్పటిలాగే ఉంది. ఆరు మంచాలూ నిండి, స్ట్రెచర్లు వరండాలోకి వస్తున్న రాత్రులున్నాయి. ఆ నిశ్శబ్దమైన రాత్రి "మనకు పని లేదేమో" అన్న సిస్టరే ఇప్పుడు గేటు దగ్గర ఆ కుర్చీలో కూర్చుంటోంది. మీ ఇంటిలో ఎవరికైనా దెబ్బ తగిలి, ఎంత రాత్రి వచ్చినా, ముందు ఆమెకు చేయి అందించండి. నాడి చూసిన తరువాతే పేరు అడుగుతుంది.

— నర్సింగ్ సూపరింటెండెంట్